గుడ్లు మోస్తున్న లాబ్‌స్టర్‌ను కొనకండి: హైదరాబాద్ హోటళ్ళ వారికి బహిరంగ లేఖ

హైదరాబాద్‌లోని హోటళ్ళ యజమానులకు, వంటశాలలు నడిపే చెఫ్‌లకు, సముద్రపు సరుకు తెప్పించే వ్యాపారులకు,

నమస్కారం.

కిందటి నెలలో మా అక్క కూతురు తన పెళ్ళిరోజని ఇంటిల్లిపాదినీ జూబ్లీహిల్స్ వైపు ఒక పెద్ద హోటల్‌కి భోజనానికి తీసుకెళ్ళింది. ఆ హోటల్ పేరు రాయను. నా ఫిర్యాదు ఆ ఒక్కరి మీద కాదు. వడ్డించే అబ్బాయి మంచు పరిచిన పళ్ళెంలో మూడు లాబ్‌స్టర్లు తెచ్చి, ఏది వండమంటారో ఎంచుకోమన్నాడు. మధ్యలోదాన్ని వెల్లకిలా తిప్పి చూపించాడు. తోక మడత లోపల, పొట్ట కింద గుత్తులు గుత్తులుగా నారింజ రంగు గుడ్లు. "గుడ్లున్నది మేడమ్, దీని రుచే వేరు" అన్నాడు.

మా మనవరాలికి ఏడేళ్ళు. అది పళ్ళెం మీదకి వంగి చూసి, "అమ్మమ్మా, దీనికి గసగసాలు అంటించారా?" అని అడిగింది.

ఆ లాబ్‌స్టర్ ఇంకా మీసాలు కదుపుతోంది. దాన్ని వద్దన్నాను. మిగిలిన రెండూ కూడా వద్దన్నాను. అబ్బాయి నొచ్చుకున్నాడు. అతని తప్పేమీ లేదు, మంచి సరుకు అనుకునే చూపించాడు. మనవరాలు అడిగినదానికి మాత్రం అక్కడ, ఆ సందడిలో, సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. దానికి చెప్పాల్సిందే మీకూ చెప్పాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను భీమిలికి దగ్గర్లో ఒక జాలరి పల్లెలో పుట్టాను. మా నాన్న తెప్ప మీద వేటకి వెళ్ళేవాడు. తర్వాత జంతుశాస్త్రం చదువుకుని, ఈ ఊరొచ్చి, ముప్పై ఏళ్ళు కాలేజీలో అదే పాఠం చెప్పాను. మా నాన్న గుడ్లున్న లాబ్‌స్టర్‌ని, మా వైపు మాటలో రాతి రొయ్యని, తిరిగి నీళ్ళలో వదిలేసేవాడని మీకు చెప్పాలని నాకు ఎంతో ఉంది. కాని వదిలేవాడు కాదు. రాత్రి రాళ్ళ దగ్గర వేసిన వలని తెల్లవారుజామున లాగితే, చిక్కినవన్నీ బుట్టలోకే వెళ్ళేవి. ఎప్పుడన్నా ఒకటి ఇంటికి మిగిలితే అమ్మ దాని పొట్ట కింది గుడ్లు గీకి, ఉల్లిపాయ వేసి వేపేది. నేనూ తిన్నాను. డిగ్రీలో దాని జీవితచక్రం చదివాక సెలవులకి ఇంటికెళ్ళి నాన్నని అడిగాను, ఎందుకు వదలవని. "కొన్నోడు వద్దంటే వదిలేత్తామమ్మా. ఆడు తీసుకుంటన్నాడు కదా" అన్నాడు.

ఆ మాట ఇన్నేళ్ళూ నాతోనే ఉంది. కొన్నవాడు అంటే ఇవాళ మీరే.

ముందుగా ఒక అపోహ. హైదరాబాద్‌లో మనం తినే రొయ్యల్లో చాలాభాగం భీమవరం, నెల్లూరు చెరువుల నుంచి వస్తాయి. హేచరీలో పిల్లని పుట్టిస్తారు, చెరువులో వేస్తారు, మేత వేస్తారు, మూడు నాలుగు నెలల్లో పడతారు. వనామీ రొయ్య కథ అంతే. అందుకని లాబ్‌స్టర్‌ను కూడా ఎక్కడో చెరువులో పెంచి పంపుతారని చాలామంది అనుకుంటున్నారు. పొడుగాటి నీలి చేతులున్న నీలకంఠ రొయ్యనే లాబ్‌స్టర్ అనుకునేవాళ్ళూ ఉన్నారు. నీలకంఠ రొయ్య మంచినీళ్ళ జీవి, గుడ్లు పొదగడానికి మాత్రమే ఉప్పదనం ఉన్న నీళ్ళకి దిగుతుంది. లాబ్‌స్టర్ వేరు. మన తూర్పు తీరంలో రాళ్ళ సందుల్లో దొరికేవి ముళ్ళ లాబ్‌స్టర్లు. బొమ్మల్లో కనిపించే పెద్ద పటకారు చేతులు వీటికి ఉండవు. అవి అట్లాంటిక్ సముద్రపు జాతివి. మనవాటికి ఆయుధం ముళ్ళున్న లావుపాటి మీసాలే. శత్రువు దగ్గరికొస్తే ఆ మీసాల మొదలుని తల మీద రుద్ది, గరగరమని చప్పుడు చేసి బెదరగొడతాయి. వయొలిన్ తీగ మీద కమాను లాగినట్టుగా పుట్టే చప్పుడది. కుబుసం విడిచి ఒళ్ళంతా మెత్తబడి ఉన్న రోజుల్లో కూడా ఆ చప్పుడు చేయగలగడం వాటి అదృష్టం.

మీ పళ్ళెంలోకి వచ్చే ముళ్ళ లాబ్‌స్టర్ ప్రతి ఒక్కటీ సముద్రంలో పుట్టి సముద్రంలో పెరిగిందే. పంజరాల్లో పెంచే ప్రయత్నాలు మన దేశంలో జరిగాయి, వియత్నాంలో పెద్దయెత్తున జరుగుతున్నాయి. కాని ఆ పంజరాల్లో వేసే పిల్లలు కూడా సముద్రంలో పట్టి తెచ్చినవే. గుడ్డు నుంచి పిల్ల దాకా ప్రయోగశాలలో పెంచడం జపాన్ శాస్త్రవేత్తలకి 1980లలో గాని సాధ్యపడలేదు. అంత కష్టం ఎందుకయిందో తెలియాలంటే, ఆ గసగసాలు ఏమవుతాయో చూడాలి.

జత కట్టినప్పుడు మగది ఆడదాని రొమ్ము మీద ఒక జిగురు ముద్దని అంటిస్తుంది. ఆడది దాన్ని అట్టే ఉంచుకుని, గుడ్లు విడిచే వేళకి తన చివరి కాళ్ళతో గీకి తెరుస్తుంది. తోకని మడిచి దొన్నెలా చేసి, వచ్చే గుడ్లన్నిటినీ పొట్ట కింది ఈత కాళ్ళ వెంట్రుకలకి అంటించుకుంటుంది. మా నాన్న వలలో ఎక్కువగా పడే హోమారస్ అనే ముళ్ళ లాబ్‌స్టర్ జాతిలో చిన్న తల్లయితే లక్ష చిల్లర, పెద్దదయితే ఇంకా కొన్ని లక్షలు మోస్తుంది. తల్లి ఎంత పెద్దదయితే గుడ్లు అంత ఎక్కువ. ఆ తర్వాత మూడు నాలుగు వారాలు దానికి అదే పని. గుడ్లకి ఊపిరాడేట్టు ఈత కాళ్ళని విసనకర్రలా ఆడిస్తుంది. చివరి కాళ్ళతో వాటి సందుల్లో దువ్వి, పాచి పట్టినవాటినీ చచ్చినవాటినీ ఏరేస్తుంది. మొదట్లో నారింజ రంగులో ఉన్నవి లోపలి పిల్లకి కళ్ళు ఏర్పడే కొద్దీ గోధుమ రంగుకి తిరుగుతాయి. ఆ రోజు నేను చూసినవి ఇంకా నారింజ రంగులోనే ఉన్నాయి.

పొదిగి బయటికొచ్చిన పిల్ల తల్లిలా ఉండదు. అసలు దేనిలాగానూ ఉండదు. రెండు మిల్లీమీటర్లు కూడా లేని, గాజులాంటి పల్చటి రేకు. ఆ రేకుకి సాలీడు కాళ్ళలాంటి సన్నని కాళ్ళు, రెండు కాడల చివర కళ్ళు. దీన్ని ఫిల్లోసోమా అంటారు, అంటే ఆకు దేహం. 19వ శతాబ్దంలో దీన్ని చూసినవాళ్ళు ఇది వేరే జీవి అనుకుని దానికి సొంతంగా ఒక పేరే పెట్టారు. తల్లికీ పిల్లకీ అంత దూరం.

ఆ ఆకు పుట్టగానే తీరాన్ని వదిలి నడిసముద్రానికి కొట్టుకుపోతుంది. బలంగా ఈదలేదు. పగలు లోతుకి దిగుతుంది, రాత్రి పైకి తేలుతుంది, ఏ పొరలో ఏ నీటి పారుదల ఉంటే దానితో పోతుంది. కొన్ని జాతుల పిల్లలు జెల్లీ చేపల మీదెక్కి ప్రయాణిస్తూ, ఎక్కినదాన్నే తింటూ బతుకుతాయి. పెరగాలంటే ఒంటి మీది పొరని విడవాలి. అట్లా ఎన్నోసార్లు విడుస్తూ, గోరంత ఉన్నది వేలి కణుపంత అవుతుంది. మన జాతులకి ఈ దశ నెలల తరబడి సాగుతుంది. న్యూజిలాండ్ దగ్గరి చల్లని నీళ్ళలో ఉండే ఒక జాతికి ఏడాది దాటి, ఒక్కోసారి రెండేళ్ళ దాకా పడుతుంది. నేను తరగతిలో ఈ పాఠం చెప్పినప్పుడల్లా ఇక్కడ ఆగేదాన్ని. బొటనవేలి గోరంత లేని ఆకు, నడిసంద్రంలో, నెలల తరబడి. ఎన్ని లక్షలు బయల్దేరితే ఎన్ని మిగులుతాయో ఆలోచించమని పిల్లల్ని అడిగేదాన్ని. చేపలు తినేవి తినగా, నీటి పారుదల దారితప్పించేవి తప్పించగా, తిరిగొచ్చేవి వేళ్ళ మీద లెక్కించేటన్ని.

తిరిగి రావడం ఇంకా వింత. ఆ ఆకు ఒకనాడు ఉన్నట్టుండి రూపం మార్చి చిన్న లాబ్‌స్టర్ అవుతుంది. ఒళ్ళు మాత్రం ఇంకా గాజే. ప్యూరులస్ అనే ఈ దశలో అది ఏమీ తినదు. ఆకుగా ఉన్నప్పుడు ఒంట్లో దాచుకున్న కొవ్వే దానికి దారి బత్తెం. ఆ బత్తెం అయిపోయేలోగా తీరం చేరి, ఒక రాతి సందో, నాచు తుట్టో, ఆలిచిప్పల గుత్తో వెతుక్కుని దూరాలి. చేరినవి కొద్ది రోజుల్లో మళ్ళీ పొర విడిచి, రంగు తెచ్చుకుని, మొదటిసారిగా నేల మీద నడుస్తాయి. భీమిలి రాళ్ళలో మేం చిన్నప్పుడు పుల్లతో పొడిచి చూసిన ఆ వేలెడంత పిల్లలు అంత దూరం వెళ్ళొచ్చినవని మాకు అప్పుడు తెలియదు.

ఇక పెరగడం. మనలా రోజు రోజుకీ ఇంత అని పెరగడం కుదరదు దానికి. పైన పెంకు గట్టిది, సాగదు. అందుకని పాములా కుబుసం విడవాలి. లోపల కొత్త మెత్తటి పెంకు సిద్ధమయ్యాక, వీపు పెంకుకీ తోకకీ మధ్య పాతది పగులుతుంది. ఆ పగులులోంచి మీసాలతో, కాళ్ళతో, మొప్పల పల్చటి పొరలతో, కళ్ళ మీది కప్పుతో సహా మొత్తం ఒంటినీ వెనక్కి లాక్కుని బయటికొస్తుంది. జీర్ణాశయం లోపలి పొర కూడా ఊడుతుంది. అంతా అయ్యాక పక్కన పడి ఉన్న పాత పెంకు అచ్చం ఇంకో లాబ్‌స్టర్‌లా ఉంటుంది. బయటికొచ్చినది గబగబా నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతుంది, ఆ ఉబ్బిన కొలతకి కొత్త పెంకు గట్టిపడుతుంది. తర్వాత నెమ్మదిగా ఆ నీటి చోటుని కండ నింపుతుంది. గట్టిపడేదాకా అది ఎవరికి చిక్కినా ఆహారమే. కొన్ని ఆ పనిలోనే, సగం బయటికొచ్చి, చచ్చిపోతాయి. పసివయసులో తరచుగా విడుస్తుంది, వయసు పెరిగే కొద్దీ ఎడం పెరుగుతుంది. అట్లాంటిక్ జాతి అయితే మార్కెట్టు కొలతకి రావడానికి అయిదు నుంచి ఏడేళ్ళు పడుతుంది, ఆలోగా ఇరవై, ఇరవై అయిదుసార్లు కుబుసం విడుస్తుంది.

లాబ్‌స్టర్‌కి చావే లేదని ఫోన్లలో తిరిగే మాట మీరూ చూసే ఉంటారు. నిజం కాదు. దాని కణాల్లో, అవి ముసలిబారకుండా చూసే టెలోమరేజ్ అనే ఎంజైమ్ పెద్ద వయసులోనూ పనిచేస్తూ ఉంటుంది, మాట పుట్టింది అక్కడ. కాని ఒళ్ళు పెరిగే కొద్దీ కుబుసం విడవడానికి పట్టే శక్తీ పెరుగుతుంది, ఒకనాటికి ఆ శక్తి చాలదు. రోగాలు, గాయాలు ఉండనే ఉన్నాయి.

చెఫ్‌లకు ఒక మాట. కుబుసం విడిచి కొన్నాళ్ళే అయిన లాబ్‌స్టర్ చేతికి బరువుగానే ఉంటుంది, కాని అందులో కండ కన్నా నీళ్ళెక్కువ. వీపు పెంకు పక్కల్ని వేళ్ళతో నొక్కితే లోపలికి పోతుంది. అలాంటిదాన్ని తీసుకుంటే మీకూ నష్టమే, దానికీ నష్టమే.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. మన దేశం నుంచి ఎగుమతి చేసే లాబ్‌స్టర్లకి 2003లో కేంద్ర వాణిజ్య శాఖ కనీస బరువులు నిర్ణయించింది. ముళ్ళ లాబ్‌స్టర్లలో హోమారస్ జాతికి 200 గ్రాములు, పాలీఫేగస్ జాతికి 300, ఆర్నాటస్ జాతికి 500, చెప్పులా చదునుగా ఉండే ఇసుక లాబ్‌స్టర్‌కి 150. ఒక్కసారన్నా గుడ్లు పెట్టే ఈడు వచ్చాకే పట్టాలన్నది అందులోని ఆలోచన. మంచి నియమం. అయితే అది ఎగుమతికి. ఓడరేవులో వెనక్కి కొట్టిన 120 గ్రాముల పిల్ల ఆ నియమం వల్ల మన ఊళ్ళో పళ్ళెంలోకి రాకుండా ఆగదు. పరాయి దేశం వాడికి పంపకూడని పసిదాన్ని మనం మన పిల్లలకి వడ్డించవచ్చా? 120 గ్రాములదానికీ 200 గ్రాములదానికీ మధ్య ఉన్నది కొద్ది కుబుసాలే. ఆ కొద్దికాలం ఆగితే అది ఒకసారైనా లక్ష గుడ్లు విడిచి ఉండేది.

ఆగకపోతే ఏమవుతుందో మన పడమటి తీరం చూసింది. ముంబయి దగ్గర ఇసుక లాబ్‌స్టర్లు ట్రాలర్ల వలలో పుష్కలంగా పడేవి. గుడ్లున్నవీ లేనివీ అన్నీ పట్టారు. 1990ల మధ్యకి వచ్చేసరికి ఆ వేట పూర్తిగా కుప్పకూలింది. అమెరికాలో మెయిన్ రాష్ట్రపు జాలర్లు ఇంకో దారి పట్టారు. గుడ్లున్న ఆడది బోనులో పడితే దాని తోక రేకు మీద చిన్న గాటు పెట్టి నీళ్ళలో వదిలేస్తారు. ఆ గాటున్నది తర్వాత ఎవరి బోనులో పడినా, అప్పుడు గుడ్లు లేకపోయినా, అది తల్లి అని తెలిసి మళ్ళీ వదలాల్సిందే. మరీ చిన్నదాన్నే కాదు, మరీ పెద్దదాన్నీ వదలాలి, పెద్దదే ఎక్కువ గుడ్లు పెడుతుంది గనక. ఆ గాటున్న లాబ్‌స్టర్‌ని అక్కడ అమ్మడం నేరం. అమ్ముడుపోదని తెలిసిన జాలరి దాన్ని ఒడ్డుకే తీసుకురాడు.

మా నాన్న చెప్పింది అదే కదా. కొన్నోడు వద్దంటే.

అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను. విశాఖ నుంచో చెన్నై నుంచో మీకు థర్మాకోల్ పెట్టె వచ్చినప్పుడు, డబ్బు చెల్లించకముందే ప్రతి లాబ్‌స్టర్‌నీ వెల్లకిలా తిప్పించి చూడండి. పొట్ట కింద గుడ్లుంటే తీసుకోకండి. గుడ్లు గీకేసి పంపినా తెలుస్తుంది, ఈత కాళ్ళ వెంట్రుకలు చిందరవందరగా ఉండి, అక్కడక్కడా గింజలు మిగిలి ఉంటాయి. అదీ వద్దనండి. ఎగుమతికి పెట్టిన బరువులనే మీ వంటింటి తక్కెడకీ పెట్టుకోండి. పెట్టెలోకి వచ్చాక తిప్పి పంపితే ఆ తల్లి ఎటూ బతకదని మీరనవచ్చు. నిజమే, ఆ ఒక్కటీ బతకదు. కాని మూడోసారి పెట్టె వెనక్కి వచ్చాక సరుకు పంపేవాడు తీరంలోనే ఏరడం మొదలుపెడతాడు. అతను ఏరితే జాలరి వల దగ్గరే వదులుతాడు. వల నుంచి విడదీసి వెంటనే వదిలితే అది బతుకుతుంది, దాని గుడ్లూ బతుకుతాయి.

"గుడ్లున్నది స్పెషల్" అనే మాటని మీ వడ్డించేవాళ్ళ నోటి నుంచి తీసేయండి. ఇది అన్నిటికన్నా తేలిక, పైసా ఖర్చు లేదు.

ఇంకోటి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా యంత్రపు పడవల వేట ఆపుతారు, చేపలూ రొయ్యలూ గుడ్లు పెట్టుకోవడానికి. మా పల్లెల్లో ఆ 61 రోజులూ పొయ్యి మీదికి ఏం ఎక్కించాలా అని ఇంటింటా బెంగే, అయినా ఆపుతారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మనకి మృగశిర కార్తె వస్తుంది, ఊరంతా చేపల మార్కెట్లకి కదులుతుంది. చెరువు చేప తినండి, మృగశిరకి దానికన్నా మంచిది లేదు. లాబ్‌స్టర్‌ని మాత్రం ఆ రెండు నెలలూ మీ మెనూలోంచి తీసి పక్కన పెట్టండి. తీరంలో జాలరి పస్తుండి కాపాడినదాన్ని ఇక్కడ మనం అడిగి తెప్పించుకోవడం న్యాయం కాదు.

రాజేంద్రనగర్ దారిలో, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే పక్కన చేప ఆకారంలో ఒక భవనం ఉంది. విమానాశ్రయానికి వెళ్ళేవాళ్ళు దాన్ని చూపించి పిల్లలతో ఫోటోలు తీయించుకుంటారు. అది జాతీయ మత్స్య అభివృద్ధి మండలి కార్యాలయం. సముద్రం లేని ఊళ్ళో దేశపు చేపల కార్యాలయం ఉండటం మనకి గర్వమే. ఆ మండలి వారికి ఈ లేఖ ద్వారానే ఒక విన్నపం. ఈ నగరపు హోటళ్ళ కోసం తెలుగులో ఒక్క పేజీ బొమ్మల కాగితం అచ్చువేయండి. ఏ జాతికి ఎంత బరువు, గుడ్లుంటే ఎలా కనిపిస్తుంది, గీకేస్తే ఎలా కనిపిస్తుంది. వంటింటి గోడకి అంటించుకునేట్టు ఉంటే చాలు.

మీలో ఎవరు పిలిచినా నేను వస్తాను. సరుకు దిగే వేళ తెల్లవారుజామున అయినా సరే. అరగంట చాలు, మీ వంటవాళ్ళకీ, సరుకు దింపుకునే కుర్రాళ్ళకీ చేత్తో పట్టించి చూపిస్తాను. డబ్బేమీ వద్దు. గుడ్లు లేని రోజుల్లో కూడా ఆడదాన్ని ఎలా గుర్తుపట్టాలో మొదట చూపిస్తాను. చివరి జత నడక కాళ్ళ కొసన దానికి చిన్న పటకారు ఉంటుంది, మగదానికి ఉండదు. గుడ్లని దువ్వేది దానితోనే.

ఇట్లు,
ఒక జంతుశాస్త్రం పంతులమ్మ,
నల్లకుంట, హైదరాబాద్